ఎడమ కంట్లో ఉమ్మెత్త పసరు

మధ్యాహ్నం ఫోన్ చూస్తుంటే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. కళ్లద్దాలు తుడుచుకున్నాను, తేడా లేదు. ఎడమ కన్ను మూస్తే అన్నీ స్పష్టంగా ఉన్నాయి, కుడి కన్ను మూస్తే మసక. అంతలో నా భార్య నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏమండీ, ఒకసారి వెలుతురులోకి రండి. మీ కళ్లు రెండూ ఒకలా లేవు" అంది. అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ కనుపాప బాగా విచ్చుకుని, దాని చుట్టూ ఉండే గోధుమరంగు సన్నటి గీతలా మిగిలింది. కుడిది మామూలుగానే ఉంది.

నొప్పి లేదు, ఎరుపు లేదు. అందుకే ఇంకా భయమేసింది. మెదడులో రక్తనాళం ఉబ్బి కంటి నరాన్ని నొక్కినా కనుపాప ఇలాగే పెద్దదవుతుందని ఎప్పుడో చదివాను. అది నిజమే కూడా. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాం. బీపీ, షుగర్ చూశారు. తలకు దెబ్బ తగిలిందా అని అడిగారు. మెదడు స్కాన్ తీశారు. స్కాన్ గదిలో పడుకున్న ఆ కాసేపూ పిల్లల ముఖాలే కళ్ల ముందు మెదిలాయి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు, కానీ కనుపాప అలాగే ఉంది.

తర్వాత వచ్చిన కంటి డాక్టరమ్మ ముందు నా చేతులు చూశారు. గోళ్ల సందుల్లో ఆకుపచ్చ మరకలు. "పొద్దున మొక్కల పని ఏమైనా చేశారా?" అన్నారు.

చేశాను. కంచె పక్కన మొలిచిన ఉమ్మెత్త మొక్కలు పీకాను. ఉమ్మెత్త అని నాకు తెలుసు. పైకి తిరిగిన తెల్లటి గరాటు పూలు, ఒంటినిండా ముళ్లున్న గుండ్రటి కాయలు, నలిపితే వెగటు వాసన వేసే ఆకులు. విషమని కూడా తెలుసు. కానీ తింటేనే విషమనుకున్నాను. చేతికి గ్లౌజుల్లేవు. కాడలు విరిచిన వేళ్లతోనే కంట్లోకి జారిన చెమట తుడుచుకున్నాను.

ఆ పసరులో అట్రోపిన్, స్కోపోలమైన్ అనే పదార్థాలుంటాయట. కంటి పరీక్షల్లో కనుపాపను పెద్దది చేయడానికి వేసే చుక్కల మందుల్లో అట్రోపిన్ కూడా ఒకటి. డాక్టరమ్మ పైలోకార్పిన్ చుక్కలు వేసి చూశారు. నరం దెబ్బతిని ఉంటే ఆ మందుకు కనుపాప ముడుచుకోవాలి. నాది కదల్లేదు. "మెదడుకేం కాలేదండీ, పసరు పని ఇది. దానంతటదే తగ్గుతుంది" అన్నారు. నా భార్య అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేసింది.

మందేమీ ఇవ్వలేదు. కన్ను బాగా కడిగి పంపించారు. మొదటి రెండు రోజులు ఎండలోకి వెళ్లలేకపోయాను, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా కన్ను చెదిరిపోయేది. చదవడం కుదరలేదు, బండి నడపొద్దన్నారు. నాలుగో రోజు నుంచి అక్షరాలు కుదుటపడ్డాయి. ఆరో రోజు పొద్దున అద్దంలో రెండు కనుపాపలూ సమానంగా కనిపించాయి.

నాకు అంటింది కొద్దిపాటి పసరే, అదీ ఒక కంటికే. అదే కడుపులోకి వెళ్తే నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం ఆగిపోతుంది, మనిషి ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియదు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆకు, పువ్వు, వేరు, గింజ అన్నీ విషమే, ఉడికించినా పోదు. గింజలైతే మిరప గింజల్లా ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొక్క ఫోటో గానీ, కవర్లో కట్టిన ఒక కొమ్మ గానీ వెంట ఉండాలి. నేను మొక్కలు పీకానని ముందే చెప్పి ఉంటే ఆ రోజు మాకంత టెన్షన్ ఉండేది కాదు.

రాలిన గింజల నుంచి కంచె పక్కన మళ్లీ మొలకలొచ్చాయి. ఈసారి పూత పట్టకముందే, గ్లౌజులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని వేళ్లతో సహా లాగేశాను. కాల్చలేదు, ఆ పొగ కూడా మంచిది కాదు. సంచిలో వేసి మూతి కట్టి పారేశాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే ముఖం తుడుచుకున్నాను.