చెయ్యి పైకి లేచిందని అప్పన్నకి చెప్పివచ్చాను

ఆషాఢ పౌర్ణమి వెళ్ళి వారం కూడా కాలేదు. అరికాళ్ళలో బొబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, మెట్లు దిగుతుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. మనసు మాత్రం ఇంకా కొండమీదే ఉంది. ఇంటిపనుల్లో పడి అది కిందకి దిగకముందే రాసేద్దామని కూర్చున్నాను.

సింహాచలం అప్పన్నస్వామి గిరి ప్రదక్షిణ గురించి కొత్తగా చెప్పేదేముంది? చతుర్దశి నాడు తొలిపావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి, మళ్ళీ అక్కడికే వచ్చి, పైకెక్కి స్వామిని చూసుకోవడం. మా తోడికోడలు ఏటా వెళ్తుంది. తనతో వెళ్ళే వాళ్ళలో ఎవరి మొక్కు వాళ్ళది. ఒకరికి పిల్ల పెళ్ళి, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి తెగని పొలం తగాదా. నన్నూ రమ్మని పిలిచేది కానీ, అంత దూరం నడిచి అడగాల్సిన కోరిక నాకేముందిలే అని ఊరుకునేదాన్ని. ఈసారి నేనే ముందుగా "నేనూ వస్తానక్కా" అన్నాను.

"ఏం మొక్కుకున్నావే?" అంది.

"మొక్కేం లేదు. నా చెయ్యి పైకి లేస్తోంది కదా, ఆ మాట స్వామికి చెప్పొస్తాను."

విన్నవాళ్ళకి ఇది చాలా చిన్నమాట. నా కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. నలభై దాటిన ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుంది, షుగర్ ఉంటే మరీను. ప్రాణం మీదకి తెచ్చే జబ్బు కాదు కాబట్టి ఎవరూ పలకరించడానికి రారు. పడేవాళ్ళకే తెలుస్తుంది. జాకెట్టు చెయ్యి తొడుక్కోవాలంటే కళ్ళనీళ్ళు తిరిగేవి. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే ఇక నిద్ర లేదు. పై అరలో పప్పు డబ్బా అందదు. దండెం మీద చీర ఆరేయలేను. అన్నిటికంటే నన్ను కుంగదీసింది జడ. ఊహ తెలిసిన దగ్గర్నుంచి నా జడ నేనే వేసుకున్నాను. అలాంటిది రోజూ పొద్దున్నే, కాలేజీ బస్సు టెన్షన్‌లో ఉన్న పిల్లని పిలిచి, దువ్వెన చేతికిచ్చి, దాని ముందు తల వంచుకుని కూర్చోవాలంటే మనసెంత చిన్నబోయేదో.

ఫిజియోథెరపీలో చెప్పిన వ్యాయామాల్లో ఒకటుంది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని మెల్లగా పైకి పాకించాలి. నొప్పి పుట్టిన చోట ఆగాలి. మా అమ్మాయి అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేది. వంటింటి గుమ్మం పక్కన గోడ అది. చాన్నాళ్ళు గీత మీదే గీత పడింది, పిసరంత కూడా కదల్లేదు. తర్వాత బియ్యపుగింజంత జరిగింది. ఆ తర్వాత వేలెడు. స్విచ్‌బోర్డు దాటింది, క్యాలెండర్ మేకు దాటింది. ఒక పొద్దున్న ఏదో ఆలోచిస్తూ చేతులు వెనక్కి పెడితే మూడు పాయలూ వేళ్ళ మధ్యకి వచ్చేశాయి. అల్లేశాను. వంకరగా వచ్చింది. అయినా రాత్రి పడుకునే దాకా విప్పలేదు. ఆ రోజే అప్పన్నకి చెప్పాలనిపించింది.

మధ్యాహ్నం దాటాక తొలిపావంచా దగ్గరకి చేరాం. ఆ జనం ఏమిటో! కొబ్బరికాయ కొట్టడానికి నిలబడే చోటు లేదు. వెనకనుంచి తోసేవాళ్ళు, నెత్తి మీదుగా చేతులు చాచేవాళ్ళు, పగిలిన చిప్పల మీద ఉత్తికాళ్ళు. నా కుడి భుజానికి ఎవరి మోచెయ్యీ తగలకుండా మా తోడికోడలు అడ్డంగా నిలబడింది. కాయ కొట్టి, గోవిందా అనుకుంటూ అడివివరం వైపు తిరిగాకే ఊపిరాడింది.

ముడసర్లోవ వైపు వచ్చేసరికి చినుకులు పడ్డాయి. కాళ్ళకి తారురోడ్డు చల్లబడింది. జనం కాస్త పలచబడ్డారు. పక్కనే కొండ, ఆ చీకట్లో ముందు నడిచేవాళ్ళ భజన. అక్కడ మొదలుపెట్టాను, స్వామికి ఒక్కొక్కటే చెప్పుకోవడం. జడ సంగతి చెప్పాను. బ్యాంకులో ఫారం ఎవర్నీ అడక్కుండా నేనే నింపిన సంగతి చెప్పాను. చీటీ పాడుకుని కుట్టుమిషను కొనుక్కున్న సంగతి, ఎండిపోయిందనుకున్న మల్లెతీగ మళ్ళీ మొగ్గ తొడిగిన సంగతి, అందరూ వెళ్ళిపోయాక వెనక గుమ్మంలో కూర్చుని తాగే టీ సంగతి కూడా చెప్పాను. ఇవన్నీ దేవుడికి చెప్పే మాటలేనా అని ఎవరైనా అనొచ్చు. నాకు మాత్రం, కష్టం వచ్చినప్పుడు గంటలకొద్దీ చెప్పుకునే దానికి, సుఖం వచ్చినప్పుడు నోరు మెదపకపోవడం న్యాయం అనిపించలేదు.

"ఏమిటే గొణుక్కుంటున్నావు?" అంది మా తోడికోడలు. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కాసేపు నడిచాక తనూ మొదలుపెట్టింది. "మీ బావగారు ఈమధ్య గుర్తు చేయకుండానే బీపీ మాత్ర వేసుకుంటున్నారే." ఇంకొంచెం దూరం పోయాక, "పెద్దాడు ఇంటర్వ్యూ పోయినప్పుడు గది తలుపేసుకునేవాడు, మొన్న మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు." ఆ పిల్లాడి ఉద్యోగం కోసమే తను నడుస్తోంది. అది ఇంకా రాలేదు. కానీ ఆ అన్నం మాట చెప్పేటప్పుడు తన గొంతు వణికింది.

హనుమంతవాక దాటాక మళ్ళీ తొక్కిసలాటే. దారిపొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు చేతిలో పెడుతున్నారు, వాళ్ళ పుణ్యం ఊరికే పోదు. కానీ తాగిన గ్లాసు నాలుగడుగులు మోసి చెత్తబుట్టలో వేయడానికి అంతమంది భక్తుల్లో ఎందరికి మనసొప్పిందో! రోడ్డంతా గ్లాసులే, జారి పడినవాళ్ళని చూశాను. స్వామి పేరుతో పెట్టిన స్పీకర్లలో స్వామి పేరు తప్ప అన్నీ వినిపిస్తున్నాయి. అప్పుఘర్ దగ్గర సముద్రం కనిపించాకే మనసు కుదుటపడింది. చాలామంది స్నానాలు చేస్తున్నారు. నేను కాళ్ళు తడుపుకుని, తలమీద నాలుగు చుక్కలు చల్లుకుని వచ్చేశాను.

కష్టమంతా ఆ తర్వాతే. వెంకోజీపాలెం, ఇసుకతోట ఎలాగో దాటాను. కైలాసపురం వచ్చేసరికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి, కుడికాలిది చిట్లింది. అడుగు వేస్తే నిప్పు మీద వేసినట్టే. మాధవధార దగ్గర ఒక ఇంటి అరుగు కనిపిస్తే కూలబడ్డాను. ఇక నావల్ల కాదక్కా, ఆటో చూడు అన్నాను.

ఆ ఇంటి ముందు ఒకావిడ పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాస్తోంది. నా ఈడే ఉంటుంది.

"ఏటమ్మా, అలా కూలబడిపోనావు? కాళ్ళు ఇలాగెట్టు" అని ఒక ప్లాస్టిక్ టబ్బు ముందుకి లాగింది. "ఉప్పేసినాను, కొంచెం సుర్రుమంటాది, ఓర్సుకో."

మంటకి అరిచినంత పని చేశాను. ఆవిడ వంగి, నా పాదం తన అరచేతిలోకి తీసుకుని, మెల్లగా నీళ్ళు పోసింది. పరాయి మనిషి, అర్ధరాత్రి దాటాక, బురదకాళ్ళు పట్టుకుని కడుగుతోంది. వద్దమ్మా అంటే వినదు. తుడిచి, పాతచీర పేలిక చింపి చిట్లిన చోట కట్టింది.

"ఏటి మొక్కుకున్నావు?" అని అడిగింది. చెయ్యి సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యాగిపోయింది. "ఓలమ్మ, చెయ్యి లెగకపోతే ఆడదానికి ఇంకేటుంటాది? చెప్పాల్సిన మాటేనమ్మా అది" అంది. అంతవరకూ నా మాటని అలా తీసుకున్న మనిషి లేరు.

"నువ్వు నడవవా?" అన్నాను.

"ఈ ఏడు మా ఇంట్లోకి కుళాయొచ్చింది. ఇన్నేళ్ళూ తెల్లారగట్ల బిందెలెట్టుకుని వీధి కుళాయి కాడ కూకునేదాన్ని. ఇప్పుడు తిప్పితే నీళ్ళు. అందుకని నడిసినోళ్ళ కాళ్ళకి పోద్దునని అప్పన్నతో అనుకున్నాను."

ఆటో మాట మళ్ళీ ఎత్తలేదు. గోపాలపట్నం దగ్గర తెల్లారింది, ప్రహ్లాదపురం మీదుగా తొలిపావంచాకి చేరాం. మెట్లు ఎక్కలేక పైకి బస్సులో వెళ్ళాం.

క్యూలో ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నిద్రలేని కళ్ళు, ఉక్క, ఏడ్చే పసిపిల్లలు, సందు దొరికితే దూరిపోయే పెద్దమనుషులు. 1516లో కళింగ దండయాత్రలో గెలిచి శ్రీకృష్ణదేవరాయలు ఈ స్వామి దగ్గరికే వచ్చి ఆభరణాలు సమర్పించినట్టు గుడిలో శాసనం ఉంది. అంత రాజు అంత గెలుపు చెప్పుకున్న చోట నా పెన్సిల్ గీతల సంగతి చెప్పుకోబోతున్నానని తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది. భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభానికి దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నాను.

లోపల గంధం వాసన. ఏడాదంతా చందనం పూతలోనే ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రం నిజరూపం చూపించిన స్వామికి ఆ రోజు నుంచి నాలుగు విడతలుగా, విడతకి మూడు మణుగుల చొప్పున చందనం పూస్తారు. ఆఖరి విడత ఈ ఆషాఢ పౌర్ణమికే. అరగదీయగా వచ్చిన గంధమంతా చేరి స్వామి నిండుగా ఉన్నాడు. దీపం వెలుగులో ఆ లేత పసుపు మీద తడి ఇంకా మెరుస్తోంది. కళ్ళు ఎక్కడున్నాయో వెతికేలోపే "నడవండమ్మా, నడవండి" అని కేక.

రెండు చేతులూ తలపైకి ఎత్తాను. మోచేతులు చెవులు దాటి పూర్తిగా పైకి వెళ్ళాయి, అరచేతులు కలిశాయి. "ఇదిగో స్వామీ, చూడు" అన్నాను. అంతే అన్నాను. అనుకున్న వరసలో మిగతావేవీ గుర్తు రాలేదు. ఎవరో తోశారు, బయటికి వచ్చేశాను. మా తోడికోడలు నా చేతుల్నే చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

వచ్చే ఏడు మళ్ళీ నడుస్తానో లేదో కాలు చెప్పాలి. నడిచినా నడవకపోయినా ఆ రాత్రి మాత్రం మాధవధారలో ఆవిడ అరుగు దగ్గర ఉంటాను. గిన్నె పెద్దది, ఒక్కర్తే దించుకుంటోంది. రెండో పక్క పట్టుకోవడానికి నాకిప్పుడు చెయ్యి ఉంది.