ట్రియెస్టెలో నేల భౌతికశాస్త్ర శిక్షణ: నా అనుభవం

తిరుపతి పరిసరాల ఎర్ర నేలల్లో వాన నీరు ఎంత ఇంకుతుంది, ఎంత పొర్లిపోతుంది అన్న విషయం మీద పరిశోధన చేస్తున్న నాకు, ఇటలీలోని ట్రియెస్టె నగరంలో జరిగే నేల భౌతికశాస్త్ర శిక్షణ గురించి మా గైడు గారు చెప్పారు. పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం దీన్ని 1983లో ప్రారంభించింది. అభివృద్ధి చెందుతున్న దేశాల పరిశోధకులను దృష్టిలో పెట్టుకుని ఏర్పడిన సంస్థ కనుక అక్కడ నమోదు రుసుము ఉండదు. ప్రయాణ ఖర్చులకు సాయం ఉన్నా అది అందరికీ దక్కదు.

దరఖాస్తులో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది, ఈ శిక్షణ మనకెందుకు అవసరమో వివరించే వ్యాసం. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయన్న సాధారణ వాక్యాలు ఏ ప్రాంతం వారైనా రాయగలరు. నేను చంద్రగిరి వైపు ఒక వేరుశనగ చేనులో జంట వలయాల పరికరంతో తీసిన ఇంకుడు కొలతలనే ఆధారంగా తీసుకున్నాను. లోపలి వలయం 30 సెంటీమీటర్లు, బయటిది 60 సెంటీమీటర్ల వ్యాసం ఉండే ఆ పరికరంలో, బయటి వలయపు నీరు పక్కలకు పారినా లోపలి నీరు నిలువుగానే దిగుతుంది కాబట్టి, లోపలి మట్టం తగ్గే వేగమే మనకు కావలసిన లెక్క. “వానేమో బాగానే పడతాది సార్, నీళ్లు లోపలికి దిగేదే లేదు” అని ఆ చేను రైతు అన్న మాటను, చినుకుల దెబ్బకు మట్టి గడ్డలు చితికి, సన్నని రేణువులు రంధ్రాలను మూసి, పైన పెచ్చు కట్టే ప్రక్రియతో కలిపి రాశాను. నన్ను ఎంపిక చేయడానికి ఆ కొలతలే కారణమని నా నమ్మకం.

ఆ తరువాతి పనులన్నీ కాగితాలవే. ఉద్యోగంలో ఉన్నవారు నిరభ్యంతర పత్రం కోసం ఆహ్వాన లేఖ చేతికందిన రోజే దరఖాస్తు చేయడం మంచిది, ఎందుకంటే ఆ ఫైలు ఒక్కొక్క బల్ల దాటడానికి సమయం పడుతుంది. ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. తిరుగు ప్రయాణం తరువాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి.

శిక్షణలో నాకు అత్యంత విలువైనది, తడి పూర్తిగా నిండని నేలలో నీటి కదలిక గురించి నేర్చుకున్న పాఠం. నీటితో నిండిన ఇసుకకు ఫ్రెంచి ఇంజనీరు డార్సీ 1856లో చెప్పిన నీటి ప్రవాహ సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్స్ 1931లో ఆరుతున్న నేలకు విస్తరింపజేశాడు. నేల ఆరేకొద్దీ నీటిని పారనిచ్చే శక్తి వందల, వేల రెట్లు పడిపోతుందన్నది ఆ విస్తరణలో కీలకం. సన్న మట్టి కింద గరుసు పొర ఉంటే నీరు జారిపోతుందని మన వైపు చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే విన్నాను. నిజానికి పైనున్న సన్న మట్టి దాదాపు పూర్తిగా తడిసేదాకా, తన చిన్న రంధ్రాల పట్టువల్ల నీటిని గరుసులోకి వదలదు. అంటే చిన్నపాటి వానలకు ఆ నీరు వేర్ల దగ్గరే నిలుస్తుంది, జోరు వానకు మాత్రం పై పొర త్వరగా నిండి మిగిలినది వాలు వెంట పోతుంది. వాన మొత్తం ఎంత అన్నదానితో పాటు అది ఏ తీరుగా కురిసిందన్నది కూడా ఎందుకంత ముఖ్యమో నాకు అప్పుడు స్పష్టమైంది. నేల నీటిని పట్టి ఉంచే బలానికీ అందులోని తేమకూ మధ్య సంబంధాన్ని చెప్పే, శాస్త్రవేత్త వాన్ గెనుక్టెన్ 1980 నాటి సమీకరణాన్ని, ఇంటి నుంచి తీసుకువెళ్లిన నా కొలతలకే అన్వయించి చూసుకునే వీలు కలిగింది. సొంత అంకెలు వెంట తీసుకువెళ్లిన వారికి ఈ శిక్షణ రెట్టింపు ఉపయోగపడుతుందని గట్టిగా చెప్పగలను.

తిరిగి వచ్చాక నివేదిక సమర్పించి, అదే చేనులో కొలతలు మళ్లీ మొదలుపెట్టాను. వేరుశనగలో 3.6 మీటర్లకొకటి చొప్పున, వాన నీటిని నిలపడానికి విత్తనం వేయకుండా తీసే గొడ్డు సాళ్ల అడుగున, సాళ్ల మధ్య, ఆకులు కప్పిన చోట, కప్పని చోట ఇంకుడు వేగం ఎంత మారుతుందో ఇప్పుడు కొలుస్తున్నాను. ఈశాన్య రుతుపవనాల వానలు ముగిశాక ఈ ఫలితాలను ముందుగా ఆ రైతుకే చూపిస్తాను.