మిరామార్ అలలు, దోనా పౌలా ఎండ: నా మొదటి ట్రయథ్లాన్

ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే పోటీ ట్రయథ్లాన్. నా మొదటి ట్రయథ్లాన్‌కి గోవాయే ఎందుకని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను: విజయవాడ నుంచి నేరుగా రైలుంది. సైకిల్ వెంటబెట్టుకుని తిరిగేవాళ్లకి అది చిన్న విషయం కాదు. పైగా ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ మన దేశంలో మొదటిసారి, 2019 అక్టోబరులో, జరిగింది కూడా అక్కడే, పణజి మిరామార్ బీచ్‌లో. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపితే 70.3 మైళ్లు, ఆ పేరు అందుకే. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. 2024లో ఎంపీ తేజస్వి సూర్య దాన్ని 8 గంటల 27 నిమిషాల్లో ముగించారు. అందరూ ఆయన ఫిట్‌నెస్ గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం మిగిలిన ఆ మూడు నిమిషాలే కనిపించాయి. చివర్లో వచ్చినా మెడల్ అదే కదా!

తోడుగా మా తమ్ముడు వచ్చాడు. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు సైకిల్ విప్పి సంచిలో పెట్టాం. రెండు చక్రాలు, హ్యాండిల్, సీటు, చివరగా పెడళ్లు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. అన్నిటికీ తిప్పినట్టు తిప్పితే ఊడకపోగా ఇంకా బిగుసుకుంటుంది. సొంతంగా సైకిల్ విప్పేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

గుంటూరులో ఎక్కిన పెద్దావిడ సంచి వంకే చూస్తూ, "ఏంటమ్మా అది, మంచమా?" అంది. విషయం చెప్పాను. "మూడూ ఒకే రోజా? గెలిస్తే ఎంతిస్తారు?"

"ఇచ్చేదేం లేదు పిన్నిగారూ, మనమే ఫీజు కట్టాలి."

"కట్టి మరీ కష్టపడతారన్నమాట!" అంటూ సంచీలోంచి జంతికల డబ్బా తీసింది. ఆ రాత్రి నా క్రీడా నియమాలన్నీ పక్కకెళ్లిపోయాయి.

హుబ్బళ్లి దాటాక కాజిల్ రాక్ దగ్గర ఘాట్ మొదలవుతుంది. అక్కడ వాలు ఎంత నిటారు అంటే, రైలు కొండ దిగేటప్పుడు కూడా అడుగులో అడుగు వేసినట్టే నడుస్తుంది. వానాకాలం అప్పుడే వెళ్లింది కాబట్టి దూధ్‌సాగర్ నిండుగా ఉంది. మూడొందల మీటర్ల ఎత్తు నుంచి దూకే నీళ్ల తుంపర కిటికీల్లోంచి మొహాన పడింది.

పోటీకి ముందురోజు సైకిల్‌ని తీసుకెళ్లి ట్రాన్సిషన్ ఏరియాలో (ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారే చోట) స్టాండుకి తగిలించి రావాలి. రాత్రంతా అది అక్కడే. సైకిల్ సామాను నీలం సంచిలో, పరుగు సామాను ఎర్ర సంచిలో. మధ్యాహ్నం ఎండకి టైర్లు పేలే ప్రమాదం ఉందని చాలామంది కొంచెం గాలి తీసేసి, తెల్లవారుజామున మళ్లీ కొట్టుకుంటారు. ఇలాంటివి పుస్తకాల్లో కంటే పక్క స్టాండు వాళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకోవచ్చు. నా పక్కన పుణె నుంచి వచ్చిన ఆయన చిన్న సీసాతో నీళ్లు, ఒక పాత తువ్వాలు పెట్టుకున్నాడు. ఎందుకంటే, సముద్రంలోంచి వచ్చాక కాళ్లకి అంటిన ఇసుక కడగకుండా సాక్సు వేస్తే, పరుగు మొదలయ్యేసరికి అది గరుకు కాగితంలా తోలు లేపుతుందట. వెంటనే తమ్ముణ్ణి తువ్వాలు కోసం పరిగెత్తించాను.

ఈత అంటే నాకు కృష్ణే. బ్యారేజీకి ఎగువన నది దాదాపు చెరువులా నిలకడగా ఉంటుంది. మిరామార్ దగ్గర మాండవి సముద్రంలో కలుస్తుంది. ఎదురుగా అవతలి ఒడ్డున అగువాడ కోట. నీళ్లు మురికిగా లేవు గానీ మసగ్గా ఉన్నాయి, చాచిన నా చెయ్యే నాకు కనపడలేదు. వెచ్చగా ఉన్నాయి కాబట్టి వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు) మాటే లేదు. నీళ్లు మరీ వెచ్చగా ఉంటే దానికి అనుమతి ఇవ్వరు. అందర్నీ ఒకేసారి నీళ్లలోకి తోలకుండా కొన్ని క్షణాలకి కొంతమంది చొప్పున వదులుతారు. చాలా దూరం లోతు నడుము దాటదు. ఆ తర్వాత ఒక్కసారిగా కాళ్లకింద నేల పోతుంది, గుండె గొంతులోకొస్తుంది.

ఆ టెన్షన్‌కి మందు ఈత ప్రాక్టీసు ఒక్కటే కాదు. మధ్యలో కాయక్‌లు (చిన్న తెడ్డు పడవలు) ఉంటాయి. అలసిపోతే దాన్ని పట్టుకుని ఆగొచ్చు. అది ముందుకు లాక్కెళ్లకూడదంతే, పట్టుకున్నంత మాత్రాన పోటీలోంచి తీసెయ్యరు. ఈ నియమం తెలిసి ఉండటమే నన్ను కాపాడింది. పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. అల మీదకొచ్చినప్పుడు వెల్లకిలా తిరిగి, అది పోయాక మళ్లీ బోర్లా తిరిగి నీళ్లలోకి మెల్లగా ఊపిరి వదలడం మొదలెట్టాక చేతులు వాటంతటవే ఆడాయి. ఉప్పునీళ్లు మనిషిని నదికంటే బాగా తేలుస్తాయి కూడా. తిరిగొచ్చేటప్పుడు ఆ సుఖం తెలిసింది.

ఒడ్డుకొచ్చాక తొందరపడ్డవాళ్లని చాలామందిని చూశాను. హెల్మెట్ పట్టీ బిగించకుండా సైకిల్ మీద చెయ్యి వెయ్యకూడదు. సైకిల్ ఎక్కే చోట గీసిన గీత దాటేదాకా ఎక్కకూడదు. నేను మాత్రం కాళ్లు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, పట్టీ రెండుసార్లు లాగి చూసుకుని బయల్దేరాను.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను. కరకట్ట మీద అమరావతి వైపు తొక్కినట్టు ఉండదు, పణజి చుట్టుపక్కల ఎత్తుపల్లాలు చాలానే ఉన్నాయి. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద తొక్కిన ఆదివారాలు అక్కరకొచ్చాయి. ముందు సైకిల్‌కి 12 మీటర్ల దూరం పాటించాలి, దాటాలంటే 25 సెకన్లలో దాటెయ్యాలి. లేదంటే శిక్షగా ఆపి నిలబెడతారు. అన్నిటికంటే కష్టం ఏంటంటే, కాళ్లలో ఇంకా సత్తువ ఉండగా, పక్కనుంచి జనం దూసుకుపోతుంటే, మన వేగం మనం పెంచకుండా ఉండటం. అహం అనేది అక్కడే నొచ్చుకుంటుంది. వాళ్లలో చాలామంది తర్వాత పరుగులో నడుస్తూ కనిపించారు.

తిండి సంగతి సైకిల్ మీదే చూసుకోవాలి, పరుగులో కడుపు ఏదీ పట్టదు. సత్తువ కోసం అందరూ మింగే జెల్ పాకెట్లు నాకు పడవు, రెండోదానికే వికారం. అందుకే ఇంట్లో ప్రాక్టీసు రోజుల్నుంచే చిన్న బంగాళాదుంపలు ఉడకబెట్టి ఉప్పు చల్లి, ఖర్జూరాలతో కలిపి అలవాటు చేసుకున్నాను. వాచీ ఇరవై నిమిషాలకోసారి మోగేది. ఆకలి ఉన్నా లేకపోయినా ఒకటి నోట్లో వేసుకుని, ఓఆర్ఎస్ ఒక గుక్క. కొత్త తిండి ఏదైనా సరే పోటీ రోజున ముట్టుకోకూడదు. ముందురోజు సాయంత్రం తమ్ముడు చేపల కూర ప్లేటు ముందు పెట్టుకుని తింటుంటే పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నాను. అంతకంటే పెద్ద శిక్షణ ఉంటుందనుకోను.

అసలు పరీక్ష పరుగు. మిరామార్ నుంచి దోనా పౌలా వైపు అటూ ఇటూ చుట్లు. సైకిల్ దిగగానే కాళ్లు మనవి కావు. సైకిల్ తొక్కి వెంటనే పరిగెత్తే బ్రిక్ ప్రాక్టీసు చేసినవాళ్లకి ఆ కాళ్లు కాసేపటికి దారికొస్తాయని తెలుసు, అదొక్కటే తేడా. అక్టోబరు ఎండ, సముద్రపు ఉక్క. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నీళ్ల స్టాల్ దగ్గర అందరూ గ్లాసులు నెత్తిన గుమ్మరించుకుంటున్నారు. నేనూ గ్లాసు ఎత్తబోతుంటే ముందున్న ఒక పెద్దమనిషి ఆపి చూపించాడు: నడుము వంచి, తల ముందుకు చాపి, మెడ మీద పోసుకోవాలట. నిటారుగా నిలబడి పోసుకుంటే నీళ్లు కాళ్ల వెంట కారి బూట్లలో చేరతాయి. తడి సాక్సుతో పది కిలోమీటర్లు అంటే పాదాలు బొబ్బలే. ఐసు ముక్కలు టోపీలో వేసుకోమన్నది కూడా ఆయనే. ఆ తర్వాత స్టాల్ నుంచి స్టాల్ దాకా పరుగు, స్టాల్ దగ్గర నడక, అదే పద్ధతి చివరిదాకా. చివరి చుట్టులో రోడ్డు పక్కన మా తమ్ముడు గొంతు పోయేలా అరుస్తున్నాడు: "అక్కా, టైముంది! నీళ్లు తాగు! టైముంది!"

టైముంది. ఎనిమిది గంటలు దాటింది గానీ కటాఫ్‌కి ముందే గీత దాటాను. ఆ సాయంత్రం ఇసోణ్ (వంజరం చేప) వేపుడు, కోకం, కొబ్బరిపాలతో చేసే సోల్‌కడీ. ఉప్పునీళ్లకి పుండుపడ్డ నాలుక మీద ఆ పులుపు చురుక్కుమన్నా రెండోసారి అడిగి తాగాను.

నన్నడిగితే మొదటిసారి ఇంత పెద్దది అక్కర్లేదు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ సరిపోతుంది. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి అరిచినప్పుడే మా తమ్ముడికీ ఈ పిచ్చి పట్టింది. వాడికి ఈత రాదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే స్విమ్మింగ్ పూల్‌లో చిన్నపిల్లల మధ్య గోడ పట్టుకుని కాళ్లాడిస్తున్నాడు. ఈత వచ్చాక స్ప్రింట్‌కి నేనే తీసుకెళ్తానన్నాను. సైకిల్ మాత్రం వేరేది కొనుక్కోమన్నాను, నాది ఇచ్చేది లేదు.