పోగోను మా నాన్నగారికి చదివి వినిపిస్తూ

ఈ వానాకాలమంతా రాత్రి భోజనాలయ్యాక అమెరికా కార్టూనిస్టు వాల్ట్ కెల్లీ పత్రికల్లో గీసిన ‘పోగో’ అనే బొమ్మల కథ (కామిక్ స్ట్రిప్) సంపుటాలను మొదటినుంచి మళ్ళీ చదువుతున్నాను. మా అక్క కొడుకు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన కొత్తలో వీటిని రాజకీయ వ్యంగ్యంగా మాత్రమే చదివి, ఏ జంతువు ఏ నాయకుడో పోల్చుకోవడంతో తృప్తి పడ్డాను. ఇప్పుడు నన్ను పట్టుకుని వదలనిది అందులోని మాట.

పోగో 1948లో న్యూయార్క్ స్టార్ అనే దినపత్రికలో మొదలైంది. కొద్ది నెలలకే ఆ పత్రిక మూతపడింది. 1949 మే నుంచి ఈ స్ట్రిప్ అమెరికాలోని ఇతర పత్రికలకు పాకింది. కథంతా జార్జియా రాష్ట్రంలోని ఒకీఫినోకీ చిత్తడి అడవిలో జరుగుతుంది. నెమ్మదస్తుడైన పోగో అనే పోసమ్ (పిల్లంత ఉండే ఒక అమెరికా జంతువు), చుట్ట తాగే ఆల్బర్ట్ అనే మొసలి, అన్నీ తెలిసినట్టు మాట్లాడే గుడ్లగూబ, వీళ్ళంతా దక్షిణాది యాసను సాగదీసి, విరిచి, కెల్లీ స్వయంగా అల్లిన భాషలో మాట్లాడతారు.

గురజాడవారు నివసించిన విజయనగరంలో పెరిగినవాడికి ఈ విద్య విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కన్యాశుల్కంలో పాత్ర పేరును చేత్తో మూసి చదివినా, మాట తీరును బట్టి అది గిరీశమో రామప్పపంతులో మనకు తెలిసిపోతుంది. కెల్లీ ఒక అడుగు ముందుకు వేసి, అక్షరాల ఆకారాన్ని కూడా యాసగా మార్చాడు. మతబోధకుడైన డీకన్ మష్‌రాట్ మాటలు పాత బైబిలు ప్రతుల్లోని గోథిక్ లిపిలో ఉంటాయి, పి.టి. బ్రిడ్జిపోర్ట్ అనే ఎలుగుబంటి నోరు తెరిస్తే సర్కస్ పోస్టరే కనిపిస్తుంది.

రాజకీయం చిన్నదని నా ఉద్దేశం కాదు. కమ్యూనిస్టులను ఏరేస్తానంటూ ఎందరిమీదనో నిందలు మోపిన సెనేటర్ జోసెఫ్ మెకార్తీ పేరు చెబితే పెద్ద పెద్దవాళ్ళే వణుకుతున్న 1953లో, ఆయన ముఖాన్నే పెట్టి సింపుల్ జె. మలార్కీ అనే అడవిపిల్లిని కెల్లీ ప్రవేశపెట్టాడు. సెనేట్ ఆయనను అభిశంసించింది 1954 డిసెంబరులో, అంటే ఆ తర్వాత ఏడాదిన్నరకు. ఆ ముఖం మళ్ళీ కనిపిస్తే స్ట్రిప్‌ను ఆపేస్తామని ప్రావిడెన్స్ నగరంలోని ఒక పత్రిక హెచ్చరించగా, కెల్లీ ఆ పాత్రను తీసేయలేదు. ఆ ఊరి నుంచి వచ్చిన ఒక కోడిపెట్టను కథలోకి తెచ్చి, ప్రావిడెన్స్ వాళ్ళెవరూ తనను చూడకూడదంటూ మలార్కీ తలకు సంచి తొడుక్కునేలా చేశాడు. రోజుకు నాలుగు గళ్ళ చొప్పున పత్రికలో చదివినవారికి అది ఒక పూట నవ్వు. సంపుటంలో పేజీ తర్వాత పేజీ తిప్పుతున్నప్పుడు మాత్రం, ముఖం దాచిన తర్వాతే ఆ పిల్లి మరింత భయంకరంగా కనిపించింది నాకు. రాజకీయమంటే జంకే సంపాదకుల కోసం కెల్లీ కొన్నిసార్లు కుందేళ్ళతో వేరే స్ట్రిప్పులు గీసి ఇచ్చేవాడు. అవి ముచ్చటగానే ఉంటాయి కానీ, ఆ సంచి ముందు నిలవవు.

జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు. ఆయన కోసం ఒక్కొక్క గడినీ మన యాసలోకి మార్చి చదివి వినిపిస్తున్నాను. మొసలి మాట విని మొదటి రోజే, “ఈడు మనూరోడేరా” అన్నారు. తలకు సంచి ఉన్న బొమ్మ దగ్గర, “ఆడికి ఆ గోనెసంచి ఏటిరా?” అని అడిగి, కారణం చెబితే చాలాసేపు ఆ పేజీ తిప్పనివ్వలేదు.

నిన్న నేను కళ్ళజోడు తుడుచుకుంటుండగా ఆయనే పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక మాటల బెలూన్ మీద వేలు పెట్టారు. అది గుండ్రంగా లేదు. నలుచదరంగా, నల్లటి అంచుతో, లోపల సన్నని వంకీల రాతతో ఉంది.

“ఇది పెద్దకర్మ కార్డులాగుందేటిరా?” అన్నారు.

ఆ మాటలు అంటున్నది ఒక రాబందు అని, ఆ అడవిలో అంత్యక్రియలు జరిపించడం దాని వృత్తి అని నేను ఆయనకు ఇంకా చెప్పనే లేదు.