లెబనాన్ హిల్స్ నుంచి లేక్ సుపీరియర్ దాకా స్కీల మీద

మా తమ్ముడు ఉద్యోగం మారి డల్లాస్ నుంచి మిన్నెసోటాలోని ఈగన్‌కి వచ్చాడు. డిసెంబర్ వచ్చేసరికి వాడికి దిగులు పట్టుకుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, బయటికి వెళ్దామంటే చలి. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఏప్రిల్ దాకా ఇల్లు, ఆఫీసు, ఇండియన్ స్టోర్ మధ్యే గడిపేస్తారు. నాకు ఈ ఊరి చలికాలం మీద ఇష్టం పుట్టింది క్రాస్ కంట్రీ స్కీయింగ్, అంటే కాళ్ళకి స్కీలనే పొడవాటి సన్నటి పలకలు తగిలించుకుని మంచు దారుల్లో జారుతూ పోవడం, నేర్చుకున్నాకే. అందుకని సంక్రాంతి అయిన వెంటనే వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ డే లాంగ్ వీకెండ్‌కి ప్లాన్ వేశాను. శనివారం మన ఊరి ట్రైల్స్, ఆది, సోమవారాలు లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న డలూత్ వైపు.

విషయం తెలియగానే వాడు వాట్సాప్‌లో స్కీల లింకులు పంపడం మొదలుపెట్టాడు. "అక్కా, వీటిలో ఏవి కొనమంటావు?"

"ఇప్పుడే ఏమీ కొనకు. వారం వారం నువ్వు తిరిగే ట్రైల్ ఏదో ముందు తేలనీ" అన్నాను.

స్కీల విషయంలో నా గట్టి నమ్మకం ఇదే. ఏ రకం స్కీ అన్నది ట్రైల్‌ని బట్టి, దాని పొడవూ బిగుతూ మన బరువుని బట్టి. బ్రాండు, రంగు, డిస్కౌంటు అన్నీ ఆ తర్వాతే. సెలవుల్లో ఒకసారి వెళ్ళే కొండల కోసం కొన్న స్కీలు గరాజ్‌లోనే ఉండిపోతాయి. ఆఫీసు అయ్యాక పది నిమిషాల్లో చేరుకునే ట్రైల్ కోసం కొన్నవే మంచు మీదికి వస్తాయి.

శనివారం పొద్దున్నే అద్దె స్కీల కోసం ఒక షాపుకి వెళ్ళాం. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన వాడి ఎత్తు అడగలేదు, బరువు అడిగాడు. తర్వాత రెండు స్కీలు గట్టి నేల మీద పెట్టి, వాటి మీద నిలబడమన్నాడు. పాదం కింద ఒక కాగితం దూర్చాడు. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడినప్పుడు కాగితం ముందుకీ వెనక్కీ సులువుగా జరిగింది. బరువంతా ఒక కాలి మీదికి తెమ్మన్నాడు. కాగితం బిగుసుకుపోయింది. "ఇవి నీకు సరిపోతాయి" అన్నాడు.

ఆ కాగితం ముక్కలోనే క్లాసిక్ స్కీ, అంటే ఒక కాలి తర్వాత ఒక కాలు జార్చే పాత పద్ధతి స్కీ, పనితనమంతా ఉంది. స్కీ మధ్యలో కొద్దిగా పైకి వంగి ఉంటుంది. దాన్ని క్యాంబర్ అంటారు. జారేటప్పుడు ఆ మధ్యభాగం మంచుకి అంటకూడదు. ఒక కాలితో నొక్కి తన్నినప్పుడు మాత్రం అంటుకుని పట్టు ఇవ్వాలి. మన బరువుకి స్కీ మరీ మెత్తనైతే ఎప్పుడూ నేలకి రాసుకుంటూ జారనివ్వదు. మరీ బిగువైతే ఎంత తన్నినా కాలు వెనక్కి జారిపోతుంది. "నాకు స్కీయింగ్ రాదు" అని వదిలేసిన వాళ్ళలో కొందరికి రానిది స్కీయింగ్ కాదని, వాళ్ళ కాళ్ళ కింద ఉన్నవి ఇంకెవరి బరువుకో సరిపోయే స్కీలని నాకు అనిపిస్తుంది.

అక్కణ్ణుంచి లెబనాన్ హిల్స్ పార్కుకి. ఈగన్‌లో వాడి అపార్ట్‌మెంట్‌కి దగ్గరే. చెరువులు, ఓక్ చెట్లు, ఎత్తుపల్లాలు. మంచుని చదును చేసి దారి తీర్చే గ్రూమింగ్ మెషిన్ వెళ్ళిన చోట మంచు మీద రెండు గాడులు పక్కపక్కనే తీర్చినట్టు ఉంటాయి. క్లాసిక్ స్కీయింగ్ అంటే ఆ గాడుల్లో ఒక కాలి తర్వాత ఒక కాలు జారుతూ పోవడం. డౌన్‌హిల్ స్కీయింగ్‌లోలాగా లిఫ్టులు ఉండవు, కొండ మనమే ఎక్కాలి. బూటు ముందుభాగమే స్కీ మీది బిగింపుకి, అంటే బైండింగ్‌కి, తగులుకుని ఉంటుంది, మడమ పైకి లేస్తుంది.

వాడు మొదట నడవడం మొదలుపెట్టాడు. అందరూ అంతే. "కాలు ఎత్తకురా, తన్ని జారు. జారుతున్న కాలి మీద కాసేపు నిలబడు" అంటూ వాడి ముందు నేను వెళ్ళాను. పోల్స్ (చేతికర్రలు) తీసి పక్కన పెట్టించి, చేతులు ఊపుతూ కొంతదూరం వెళ్ళమన్నాను. బ్యాలెన్స్ త్వరగా వచ్చే మార్గం ఇదే. రెండో రౌండ్‌కి వాడి స్కీ ఒక్కో తాపుకి గజం దూరం జారుతోంది. వాడి ముఖంలో నవ్వు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నెలంతా వాడు అలా నవ్వగా చూడలేదు.

పడ్డాడు కూడా. పడ్డాక లేవడం ఒక పద్ధతి. వెల్లకిలా తిరిగి రెండు స్కీలూ కలిపి వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి, తర్వాత మోకాళ్ళ మీదికి వచ్చి ఒక్కో కాలూ లేపాలి. లేచాక, మనం పడ్డచోట ఏర్పడిన గుంటని స్కీతో పూడ్చి వెళ్ళాలి. వెనక వచ్చేవాళ్ళు వేగంగా వస్తూ అందులో పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. స్కీ ట్రాక్ మీద బూట్లతో నడవకూడదనేదీ, కిందికి దిగేవాళ్ళకి ఎక్కేవాళ్ళు దారి ఇవ్వాలనేదీ ఇలాంటివే. ఇవి నేర్పకుండా కొత్తవాళ్ళని ట్రైల్ మీదికి తీసుకెళ్ళకూడదు.

సాయంత్రం మినియాపోలిస్‌లోని థియొడోర్ వర్త్ పార్కుకి వెళ్ళాం. లైట్ల వెలుగులో, మెషిన్‌తో తయారుచేసిన మంచు మీద బడిపిల్లలు స్కేట్ స్కీయింగ్ చేస్తున్నారు. ఇది క్లాసిక్‌కి పూర్తిగా వేరు. గాడులు ఉండవు, వెడల్పుగా చదును చేసిన దారి మీద కాళ్ళు వి ఆకారంలో పెట్టి తోసుకుంటూ పోవాలి. స్కీలు పొట్టి, బూటు చీలమండ దాకా బిగుతు, పోల్ గడ్డం వరకూ వస్తుంది. క్లాసిక్ పోల్ అయితే చంకల ఎత్తుకి కొంచెం పైన చాలు.

ఇదే పార్కులో 2024 ఫిబ్రవరిలో క్రాస్ కంట్రీ వరల్డ్ కప్ జరిగింది. అంతకుముందు అమెరికాలో ఆ పోటీ జరిగింది 2001లో. ఆ చలికాలం మిన్నెసోటాలో మంచే లేదు. పోటీ జరుగుతుందా లేదా అని ఊరంతా టెన్షన్ పడింది. తయారుచేసిన మంచుతో ట్రాక్ వేశారు, పోటీకి కొద్ది రోజుల ముందు అసలు మంచు కూడా కురిసింది. ఆదివారం 10 కిలోమీటర్ల రేసులో అమెరికా కుర్రాడు గస్ షూమాకర్ గెలిచాడు. దూరపు రేసుల్లో ఒక అమెరికన్ మగవాడు వరల్డ్ కప్ గెలవడం 1983లో బిల్ కాక్ తర్వాత అదే మొదలు. ఆడవాళ్ళ రేసులో జెస్సీ డిగ్గిన్స్‌కి మూడో స్థానం. ఆవిడది ఇక్కడికి దగ్గర్లోని ఆఫ్టన్. 2018 ఒలింపిక్స్‌లో కిక్కన్ రాండల్‌తో కలిసి అమెరికాకి క్రాస్ కంట్రీలో మొట్టమొదటి స్వర్ణం తెచ్చింది ఆవిడే. ఇవన్నీ చెప్తుంటే మా తమ్ముడు ట్రాక్ పక్కన నిలబడి పిల్లల్నే చూస్తున్నాడు. "నేను స్కేట్ నేర్చుకోనా?" అన్నాడు. "నేర్చుకో, కానీ లెబనాన్ హిల్స్‌లో నీకు క్లాసిక్కే ఎక్కువ పనికొస్తుంది" అన్నాను.

ఆదివారం చీకటితోనే బయలుదేరాం. ఐ-35 మీద డలూత్ రెండున్నర గంటల దారి. ఊరు దగ్గరపడుతుండగా కొండ మీద నుంచి ఒక్కసారిగా లేక్ సుపీరియర్ కనిపిస్తుంది. సరస్సు అంటారు కానీ అవతలి ఒడ్డు చూపుకి అందదు, విశాఖ వాళ్ళు సముద్రం అనే అనుకుంటారు. ఈ నీళ్ళ వల్ల ఒడ్డున చలి కాస్త తక్కువ, మంచూ తక్కువే. ఒడ్డు వదిలి కొండల మీదికి కొద్ది మైళ్ళు వెళ్తే మంచు లోతు పెరిగిపోతుంది. ఒడ్డున నేల కనిపిస్తోందని వెనక్కి తిరిగి వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

మేము వెళ్ళింది డలూత్‌కి ఈశాన్యంగా అడవిలో ఉన్న కోర్కీ నార్డిక్ ట్రైల్‌కి. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ ప్రాంతం. 1950ల నాటి దారి అది. క్లాసిక్ మాత్రమే. ఒకే జత గాడులు, రెండువైపులా చేతికి అందేంత దగ్గరగా చెట్లు. ఊళ్ళో వెడల్పాటి ట్రైల్స్‌కి అలవాటుపడ్డ నాకు ఇక్కడికి ఎప్పుడు వచ్చినా ఒళ్ళు పులకరిస్తుంది. దారి నేలని చదును చేయకుండా, నేల ఎటు వంగితే అటు వంగుతుంది.

ఆ రోజు పొద్దున 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 12 సెల్సియస్. నా స్కీలు వ్యాక్స్ (మైనం) పూసేవి. మధ్యభాగంలో, తన్నినప్పుడు పట్టు ఇచ్చే ఆకుపచ్చ రంగు కిక్ వ్యాక్స్ పలచగా పూసి, కార్కుతో రుద్ది, ఇంకో పొర వేశాను. చలి కొంచెం తగ్గితే నీలం, సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఊదా, ఎరుపు. కరిగి గడ్డకట్టిన మంచుకైతే క్లిస్టర్ అనే జిగురు వ్యాక్స్ ఉంటుంది, పనసకాయ జిగురులా చేతికి అంటితే వదలదు. మిన్నెసోటా జనవరిలో చలి నిలకడగా ఉంటుంది కాబట్టి వ్యాక్స్ స్కీకి మించినది లేదని నా అభిప్రాయం. తన్నినప్పుడు మంచు రేణువులు ఆ వ్యాక్స్‌లో గుచ్చుకుని పట్టు ఇస్తాయి, జారేటప్పుడు చప్పుడే ఉండదు.

తమ్ముడి అద్దె స్కీలకి కింద చేప పొలుసుల్లాంటి గరుకు ఉంది. ఏమీ పూయనక్కర్లేదు, ఏ వాతావరణంలోనైనా పనిచేస్తాయి, కానీ దిగుడులో కొంచెం గరగరమంటూ వేగం తగ్గిస్తాయి. మూడో రకం స్కిన్ స్కీలు. మొహేర్ అనే మేక బొచ్చు పట్టీ మధ్యలో అతికించి ఉంటుంది. మెత్తగా జారతాయి, వెనక్కి జారవు. ఆఫీసు నుంచి నేరుగా ట్రైల్‌కి వెళ్ళేవాడికి ఇవే మంచివి. సున్నా దగ్గర తడిమంచు కురుస్తుంటే మాత్రం ఆ పట్టీకి మంచు పేరుకుంటుంది. అందుకు స్ప్రే దొరుకుతుంది.

మొదటి కొన్ని కిలోమీటర్లు తేలిక. తర్వాత ఎత్తులు మొదలయ్యాయి. గాడిలో పట్టు దొరకనంత నిటారుగా ఉన్నచోట బయటికి వచ్చి, స్కీల ముందు కొసలు దూరంగా, వెనక కొసలు దగ్గరగా పెట్టి అడుగులు వేస్తూ ఎక్కాలి. దిగేటప్పుడు అసలు పరీక్ష. దారి ఇరుకు కాబట్టి రెండు స్కీలూ వెడల్పుగా చాపి బ్రేకు వేయడానికి చోటుండదు. ఒక స్కీ గాడిలోనే ఉంచి, రెండోదాన్ని బయటికి తీసి ఏటవాలుగా నొక్కుతూ దిగాలి. నేను ముందు దిగి కింద నిలబడ్డాను. "మోకాళ్ళు వంచు! చూపు దూరంగా!" అని అరుస్తూనే ఉన్నాను. వాడు మలుపు దగ్గర ఊగాడు, నిలదొక్కుకున్నాడు, నా పక్కనుంచి జారిపోతూ "అక్కా, వచ్చేసింది!" అని కేకపెట్టాడు. చెట్ల మీది మంచు రాలింది.

చలి కాచుకునే గది, వార్మింగ్ హౌస్‌కి తిరిగొచ్చాక ఫ్లాస్కులో తెచ్చిన మిరియాల చారు, సంక్రాంతికి చేసిన నువ్వుండలు తిన్నాం. ఆ చలిలో నువ్వులూ బెల్లమూ ఇచ్చే సత్తువ ఏ ఎనర్జీ బార్‌లోనూ లేదు. తడిసిన బనియన్లు మార్చుకున్నాం. బట్టల గురించి నేను ఎవరికైనా చెప్పేది ఇదే. కాటన్ వద్దు, చెమట పట్టి తడిస్తే వణికిస్తుంది. లోపల మెరినో ఉన్ని లేదా పాలియెస్టర్, పైన గాలిని ఆపే పలచటి జాకెట్. బయలుదేరేముందు కొంచెం చలి వేయాలి. అప్పటికే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో ఉక్కపోస్తుంది. కారులో ఒక పొడి చొక్కా తప్పనిసరి.

సోమవారం హైవే 61 మీద గూస్‌బెర్రీ ఫాల్స్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. జలపాతాలు గడ్డకట్టి ఉన్నాయి, మంచు పొరల వెనక నీటి చప్పుడు వినిపిస్తూనే ఉంది. 1930లలో కట్టిన రాతి కట్టడాలు ఇంకా చెక్కుచెదరలేదు. స్టేట్ పార్కు ట్రైల్స్ మీద 16 ఏళ్ళు నిండిన వాళ్ళకి గ్రేట్ మిన్నెసోటా స్కీ పాస్ ఉండాలి. ఆ డబ్బు గ్రూమింగ్‌కే పోతుంది కాబట్టి కొనడానికి నాకెప్పుడూ బాధ అనిపించదు. మధ్యాహ్నం ఎండలో బర్చ్ చెట్ల మధ్య తిరిగి, చీకటి పడకముందే వెనక్కి బయలుదేరాం.

దారిలో వాడు మళ్ళీ స్కీల మాట ఎత్తాడు. ఈసారి ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. లెబనాన్ హిల్స్ గాడిలో పట్టాలంటే వెడల్పు ఎంత? 70 మిల్లీమీటర్లు దాటితే గాడి అంచులకి రాసుకుంటుంది, అంతకన్నా సన్నవి చూడమన్నాను. పాతవి కొనొచ్చా? కొనొచ్చు, చాలా బాగుంటాయి, కానీ బైండింగ్ చూసుకోవాలి. ఎన్‌ఎన్‌ఎన్, ప్రోలింక్, టర్నామిక్ అనే రకాల్లో ఒకదాని బూట్లు ఇంకోదాని బైండింగ్‌కి సరిపోతాయి. పాత ఎస్‌ఎన్‌ఎస్ వేరు, దానికి బూట్లు దొరకడం రాన్రానూ కష్టమవుతోంది. పాత వ్యాక్స్ డబ్బాలు మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దన్నాను. ఫ్లోరిన్ కలిపినవి 2023–24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లో నిషేధం. మిన్నెసోటాలో అయితే ఫ్లోరిన్ ఉండే పీఫాస్ అనే రసాయనాలు కలిపిన స్కీ వ్యాక్స్ అమ్మడం 2025 నుంచి చట్టప్రకారమే కుదరదు. ఆ రసాయనాలు కరిగే మంచుతో పాటు మనం తాగే నీళ్ళలోకి చేరతాయి.

డబ్బులు దేనికి పెట్టాలో కూడా అడిగాడు. బూట్లకే అన్నాను. స్కీ మామూలుదైనా నెట్టుకురావొచ్చు. బూటులో మడమ కదిలితే బొబ్బలెక్కి ఆ వారం మళ్ళీ ట్రైల్ ముఖం చూడరు. సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, స్కీయింగ్‌కి వేసుకునే మేజోళ్ళతోనే వేసి చూడాలి.

మర్నాడు ఆఫీసు అయ్యాక వాడు అదే షాపుకి వెళ్ళి, ముందు బూట్లు ఎంచుకుని, కాగితం పెట్టించుకుని స్కిన్ స్కీలు తీసుకున్నాడు. బుధవారం రాత్రి ఫోన్ చేశాడు. లెబనాన్ హిల్స్‌లో హెడ్‌ల్యాంప్ పెట్టుకుని వెళ్ళాడట, పక్క క్యూబికల్‌లో పనిచేసే గుంటూరు కుర్రాణ్ణి కూడా తీసుకెళ్ళాడట. "వాడి బరువు 64 కిలోలు అక్కా, ఏ సైజు అద్దెకి తీసుకోమనమంటావు?" అన్నాడు.