గంటె పెట్టకుండానే కలిసిపోయింది

మొన్న ఆదివారం ఇంట్లో చేపల పులుసు. అమ్మ దాక పొయ్యిమీద పెట్టి మామిడికాయ ముక్కలేసి నన్ను కాపలా పెట్టి పక్కింటికి పోతా పోతా "గంటె పెట్టబాకరా, ముక్క చెదిరిపోద్ది, సెగ చిన్నగానే ఉంచు" అనింది. నేను ఫోన్ చూసుకుంటా సెగ పెంచేశా. అప్పటిదాకా పైన ఎర్రగా తేలతా ఉన్న నూనె, కుతకుతమని ఉడికేసరికి పులుసులో కలిసిపోయి అంతా ఒకటే రంగు. గంటె పెట్టిందే లేదు, బుడగలే కలిపేశాయి. సెగ తగ్గించి కాసేపు ఆగితే నూనె మళ్ళీ పైకొచ్చింది, తిట్లు తప్పాయి.

అణు రియాక్టర్ ప్రమాదాల్లోనూ ఇదే గొడవ. కూలింగ్ ఆగిపోతే లోపలున్న యురేనియం ఆక్సైడు, జిర్కోనియం, ఉక్కు కరిగి 2000 డిగ్రీలు దాటిన ముద్దవుతాయి, కోరియం అంటారు దాన్ని. 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ రియాక్టర్‌లో అది స్టీలు పాత్రలోనే ఆగింది, 1986లో చెర్నోబిల్‌లో మాత్రం కాంక్రీటుని కూడా కరిగించుకుంటా కిందికి కారింది.

కాంక్రీటంటే ఒట్టి రాయి అనుకుంటాం గానీ దాంట్లో నీళ్ళుంటాయి, సున్నపురాయి కంకరైతే వేడికి కార్బన్ డయాక్సైడు కూడా వదులుద్ది. అదంతా బుడగలై కరుగులోంచి పైకి తన్నుకొస్తది. ఆ కరుగులో ఆక్సైడూ, ఉక్కులాంటి లోహమూ మన నూనే పులుసులాగా రెండు పొరలుగా ఉంటాయి. చిన్న బుడగైతే రెండు పొరల మధ్య కాసేపు తారాడి ఒంటరిగా పైకి పోద్ది. పెద్దది మాత్రం కింద ద్రవాన్ని తోకలాగా వెనకాలే లాక్కుపోద్ది, ఆ తోక తెగి చుక్కలుగా మళ్ళీ కిందికి దిగాల, దిగేలోపే ఇంకో వంద బుడగలొస్తే ఇంక పొరలెక్కడివి! కోరియంలోకి తొంగిచూడలేం కదా, అందుకే ల్యాబుల్లో నీళ్ళూ సిలికోన్ నూనే పోసి కిందనుంచి గాలి వదిలి చూస్తారు.

గ్యాసు జోరు తగ్గితే మళ్ళీ విడిపోతాయి. అప్పుడు ఎవరు కింద అన్నదే అసలు సంగతి. మొదట్లో ఆక్సైడే బరువు, నీళ్ళకి సుమారు 8 రెట్లు, ఉక్కు 7 రెట్లు, కాబట్టి ఉక్కు పైన తేలుద్ది. కాంక్రీటు కరిగి కలిసేకొద్దీ ఆక్సైడు తేలికైపోయి, ఒక దశలో తలకిందులై లోహం అడుక్కి పోద్ది. ఆ లోహంలోంచి దూరి వచ్చే ఆవిరి హైడ్రోజన్ అవుద్ది, కార్బన్ డయాక్సైడు కార్బన్ మోనాక్సైడు అవుద్ది, రెండూ మండేవే.

ఆ మధ్య కావలి దగ్గర రష్యా రియాక్టర్లని పేపర్లలో వచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర "పేలితే ఎట్టబ్బయా?" అని ఒకటే గోల, కరిగితే కింద ఏముంటదని ఒక్కరూ అడగలా. రష్యావాళ్ళు కూడంకుళం 1, 2 యూనిట్లలో రియాక్టర్ పాత్ర కింద కోర్ క్యాచర్ పెట్టారు, అంటే కారే కరుగుని పట్టే తొట్టి, దాన్నిండా ఇనుప ఆక్సైడు, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు). కరుగు అందులో పడితే యురేనియం ఆక్సైడు వాటితో కలిసి తేలికై పైకొస్తది, కావాలనే అట్టా పెట్టారు, లోహం అడుక్కి చేరుద్ది, పైనుంచి నీళ్ళు పోసినా అవి లోహాన్ని తాకవు.