సీడీ8 కణం పనిలో ఉండగా

తెరమీద ఆ చిన్న కణం పాకుతూ వచ్చి, పక్క కణాన్ని ఆనుకుని ఆగింది. కాసేపటికి ఆ రెండోది బుడగలు బుడగలుగా ఉబ్బి కుప్పకూలింది. ఇవాళ వీడియోలో చూసిన సీడీ8 కణం పనితనం అది. వైరస్ సోకిన కణాలను గుర్తించి చంపే తెల్ల రక్తకణం ఇది. వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశాను.

హెచ్‌ఐవి సోకిన తొలి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగి, తర్వాత మందుల్లేకుండానే బాగా తగ్గుతుంది. ఆ ఘనతలో పెద్ద వాటా ఈ కణాలదే. పూర్తిగా తుడిచిపెట్టడం మాత్రం వాటివల్ల కాదు.

వైరస్ ఎంచుకున్న చోటు చూడండి! సీడీ8కు దన్నుగా నిలవాల్సిన సీడీ4 కణాల్లోనే దూరుతుంది. కాపలాదారు ఇంట్లోనే దొంగ కాపురం. కొన్నింటిలో కణం డీఎన్‌ఏలో కలిసిపోయి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆనవాలే బయటపెట్టనిదాన్ని సీడీ8 మాత్రం ఎలా పట్టుకుంటుంది?

మందులు ఆపితే చాలామందిలో వైరస్ కొన్ని వారాల్లోనే మళ్లీ లేచేది అక్కడి నుంచే.